పగిలిన పెంకుల తాటాకులు

పూర్వం ఒక రాజుగారికి సొంత పెంకుల బట్టీ ఉండేది. అందులో తరచూ పెంకులు పగులుతుంటే ఎందుకో తెలియక ఆయన తల పట్టుకున్నారు. ఆస్థాన లేఖకుడు విరూపాక్షయ్య పదేళ్ల లెక్కలు రాసిన తాటాకులు తిరగేసి వచ్చాడు.

"ప్రభూ! పెంకులు పగిలిన ప్రతిరోజూ బట్టీ దగ్గర పైడమ్మే ఉంది. కారణం ఆవిడే. పనిలోంచి తీసేయండి!"

రాజుగారికి అంతా అయోమయంగా ఉంది. ముప్పై ఏళ్లుగా బట్టీకి మంట పెట్టేది పైడమ్మే, ఆమెకు వేరే బతుకుతెరువు లేదు. తాటాకులేమో అబద్ధం చెప్పవాయె!

కబురందుకుని వచ్చిన పైడమ్మ కొంగు బిగించి విరూపాక్షయ్యను అడిగింది. "బాబూ, పగలని రోజుల తాటాకులేవీ?"

"పగలకపోతే రాయడానికేముందే!"

"మరి పగిలిన రోజులవి రాసిందెవరు బాబూ?"

"ఇంకెవరు? బట్టీ పక్కనే నిలబడి, నా చేత్తో నేనే రాశాను!"

"అయితే దొరా, పగిలిన ప్రతిరోజూ ఈ బాబుగారూ అక్కడే ఉన్నారు. ఇద్దర్నీ కలిపే పంపించెయ్యండి."

ఎవరిని పంపాలో తోచక రాజుగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. చివరికి, పగలని రోజులు కూడా రాయమన్నారు.

మర్నాడు విరూపాక్షయ్య తాటాకు మీద ఇలా ఉంది: "ఈరోజు ఒక్క పెంకూ పగల్లేదు. పైడమ్మ ఉంది. నేనూ ఉన్నాను."