మూడు పొరల కేకు

ఆరు నెలలు సలోమీ టీచరమ్మ దగ్గర కేకులు నేర్చుకున్నాక, ఇక తనకు రానిదంటూ లేదని ఉషశ్రీకి గట్టి నమ్మకం కుదిరింది. ఉత్త గొప్పలనడానికీ లేదు. ఆమె క్రీముతో గులాబీలు వేస్తే, చూడవచ్చినవాళ్లు వంగి వాసన చూసేవాళ్లు.

కాకినాడలో టీచరమ్మ ఇంటి వంటగదే వాళ్ల బడి. డెబ్బై దాటిన టీచరమ్మకు చేతులు వణుకుతున్నాయి. అందుకని శనివారం చర్చిలో జరగబోయే పెళ్లికి కేకు చేసే పని శిష్యురాళ్లలో ఒకరికి అప్పగిస్తానంది. అది తనకే రావాలని ఉషశ్రీ పంతం. ఆ ధ్యాసలో పడి ఇంట్లో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది కూడా.

మంగళవారం పరీక్ష. మూడు పొరల కేకు చెయ్యాలి.

టీచరమ్మ ఓవెన్ పాతది. ఏ కేకైనా అందులో ఒక పక్కకే ఎక్కువ పొంగుతుంది. ఆ పొంగును రంపపు పళ్ల కత్తితో సమంగా కోసేయడం ఆ ఇంటి పద్ధతి. ఉషశ్రీకి మాత్రం అంత ముచ్చటగా పొంగిన కేకును కొయ్యడానికి చెయ్యి రాలేదు. అలాగే ఒకదాని మీద ఒకటి పేర్చి, పల్లంగా ఉన్న పక్క క్రీము దట్టంగా కూరింది. పైన నున్నగా పూసి, అంచు చుట్టూ గులాబీలు వేసింది. ఎటునుంచి చూసినా వంక పెట్టడానికి లేదు.

"అయిందండి టీచరమ్మా," అంది, ఫలితం తనకు ముందే తెలుసన్నట్టు.

"గులాబీలు బాగున్నాయి," అంది టీచరమ్మ. "దాన్ని వరండాలో బల్ల మీద పెట్టు. టీ తాగుదాం."

మే నెల. నీడలో కూడా గాలి సెగ కొడుతోంది. టీచరమ్మ తీరిగ్గా టీ ఊదుకుంది. ఉషశ్రీ అత్తగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది. ఈ ఏడు మామిడికాయ పచ్చడి ఎన్ని జాడీలు పెట్టారని అడిగింది. ఉషశ్రీ ఏదో చెబుతోందే గాని కళ్లు కేకు మీదే ఉన్నాయి.

పావుగంటకు క్రీము మెత్తబడి మెరవసాగింది.

"ఫ్రిజ్‌లో పెట్టేస్తానండి."

"మగపెళ్లివారు చెప్పిన టైముకి ఎప్పుడైనా వచ్చారటే? కూర్చో."

అరగంటకు పై పొర మెల్లగా కదిలింది. గులాబీలు ఒకదాని వెనక ఒకటి జారి బల్ల మీదకు దిగాయి. ఉషశ్రీకి ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

"ఇంత వేడిలో పెడితే ఎవరి కేకైనా జారుతుందండీ!"

టీచరమ్మ గరిటె తీసుకుని, వణికే చేత్తోనే, చుట్టూ పూసిన క్రీమంతా గీరేసింది. లోపల మూడు పొరలూ ఒకే పక్కకు వాలి ఉన్నాయి. ఒక వైపు పొరల మధ్య రెండు వేళ్ల మందాన క్రీము, ఇంకో వైపు ఏదో తడి చేసినట్టు కాస్తంత.

ఉషశ్రీ చాలాసేపు దానివైపే చూసింది. తర్వాత బల్ల తుడిచి, గిన్నెలు కడిగి, ఇంటికి వెళ్లిపోయింది.

గురువారం పొద్దున, ఎవరూ పిలవకుండానే వచ్చింది. కేకులు కాల్చి, అవి పూర్తిగా చల్లారేదాకా పక్కనే కూర్చుంది. కత్తి పట్టుకుని మూడింటి పొంగూ కోసేసింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. మధ్యలో పలచగా క్రీము రాసి పేర్చి, అంతటితో ఆపి, కేకును తెచ్చి టీచరమ్మ ముందు పెట్టింది. పైన పూత లేదు, పువ్వు లేదు. కత్తి తగిలిన గీతలతో సహా అంతా బయటికే కనిపిస్తోంది.

"ఏమిటిది, క్రీము పూయలేదేం?" అంది టీచరమ్మ.

"ముందు ఇలా చూడండి టీచరమ్మా."

టీచరమ్మ వంగి, కళ్లు కేకు ఎత్తుకు తెచ్చి చూసింది. బల్ల చుట్టూ తిరిగి నాలుగు వైపులా చూసింది. తర్వాత మెల్లగా నడుం ఎత్తింది.

"పెళ్లి కేకు నువ్వే చెయ్యి. గులాబీలు నీ ఇష్టమొచ్చినన్ని వేసుకో."