పన్నెండు సాళ్ళ మిరప, రెండు గుంజలు

అసిరయ్యకి తన ఇంటి తెలివి మీద గొప్ప నమ్మకం. అన్నదమ్ములు ముగ్గురూ తలా మూడేళ్ళు బడికెళ్ళారు. మూడు మూళ్ళు తొమ్మిది కాబట్టి తమది తొమ్మిదో తరగతి పాసైన ఇల్లని ఊరంతా చెప్పుకునేవాడు.

వాళ్ళకున్నది పన్నెండు సాళ్ళ మిరప. ఎండకి మొక్కలు తలలు వాల్చేశాయి. ఆ సాయంత్రం కాలువ నీళ్ళు వదులుతారు. తప్పితే మళ్ళీ పదిహేను రోజులకే. చేను మూల నుంచి ఒక గట్టు తూర్పుకీ, ఒకటి ఉత్తరానికీ పోతాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తిన్నగా పిల్లకాలువ తవ్వాలి. సర్వేయరు 2x + 3y = 12 అని కాగితం మీద రాసిచ్చాడు. మూల నుంచి తూర్పు గట్టు మీద బారలు x, ఉత్తర గట్టు మీద బారలు y అన్నాడు.

"y సున్నా అనుకోండి, తూర్పు గట్టు మీద గుంజ ఎక్కడ పాతాలో తెలుస్తుంది. x సున్నా అనుకోండి, ఉత్తర గట్టు మీద తెలుస్తుంది. రెంటికీ తాడు కట్టి తవ్వుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అసిరయ్య ఉత్తర గట్టు వంక చూశాడు. అంత గట్టు ఎదురుగా ఉంటే సున్నా అని ఎలా అనుకోవడం? అబద్ధం కాదూ? అంతే, ముగ్గురూ పారలు పట్టి గట్టుని నేలమట్టం చేశారు. రెండు xలు పన్నెండు, అంటే x ఆరు. తూర్పు గట్టు మీద ఆరు బారల దగ్గర గుంజ పాతారు.

ఇప్పుడు x సున్నా కావాలి. ఇంకేముంది, తూర్పు గట్టు తవ్వి పారేశారు. గుంజా దాంతోనే పోయింది. మూడు yలు పన్నెండు, అంటే y నాలుగు. కొలుద్దామంటే ఉత్తరాన గట్టేది? మట్టి మోసి మళ్ళీ గట్టు పోసి, గుంజ పాతారు. తీరా చూస్తే మొదటి గుంజ లేదు. దాని కోసం తూర్పు గట్టు పోశారు, ఉత్తర గట్టు కొట్టేశారు. ఇలా మధ్యాహ్నం దాకా.

అసిరయ్య పెళ్ళాం సన్నెమ్మ అన్నం తెచ్చి కాసేపు చూసింది. "ఆరు దగ్గర ఒకటి, నాలుగు దగ్గర ఒకటి పాతితే పోయె కదయ్యా. గట్లేం పాపం చేశాయి?" అంది.

"బడి మొహం చూడనిదానివి, లెక్కల్లో నీకెందుకే?" అన్నాడు అసిరయ్య. ఆమె గిన్నె పట్టుకుని ఇంటికి పోయింది.

సాయంత్రమైంది. దూరంగా నీళ్ళ చప్పుడు వినబడింది. అప్పుడు చిన్నతమ్ముడు పోలయ్యకి ఉపాయం తట్టింది. ఒకటొకటిగా ఎందుకు, రెండూ ఒకేసారి సున్నా చేసేస్తే సరి. అంతే, రెండు గట్లూ లేచిపోయాయి. అసిరయ్య కాగితం తీసి చూశాడు. ఎడమ పక్క అంతా సున్నా. కుడి పక్క ఇంకా పన్నెండు.

"ఒరే, ఇది కూడా సున్నా అవాలిరా" అన్నాడు.

పన్నెండు ఎక్కడున్నాయా అని ముగ్గురూ చేనంతా కలయజూశారు.

సన్నెమ్మ పరిగెత్తుకొచ్చేసరికి అడ్డుకునే గట్లు లేక కాలువ నీళ్ళన్నీ చేలోకే వచ్చి మోకాలి లోతున నిలిచి ఉన్నాయి. పీకేసిన మిరప మొక్కలు వాటి మీద తేలుతున్నాయి.

"చూడవే" అన్నాడు అసిరయ్య, తడిసిన కాగితం ఆమె మొహం ముందు పెట్టి. "అటూ సున్నా, ఇటూ సున్నా. ఒక్క మొక్క తేడా రాలేదు."