దీక్షితులవారి ఒక్క ముక్క జవాబు

చెంగల్వపురం రాజు మల్లభూపతికి ఆ ఉదయం చిర్రెత్తుకొచ్చింది. నిండు కొలువు జరుగుతుండగా, బయట పట్టపుటేనుగు భద్రగిరి ఆకలితో ఘీంకరించింది మరి.

మావటి ఎలమంద పరుగున వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"మూడు రోజులుగా మేతకి చీటీ పెడతన్నాను మారాజా. ఉగ్రాణం నుంచి 'తప్పు' అని తిరిగొస్తాంది. ఏం తప్పో చెప్పరు. రాలిన కొమ్మలేసి నెట్టుకొస్తన్నాను."

ఉగ్రాణమంటే రాజుగారి సరుకుల కొట్టు. దాని అధికారి వల్లభ దీక్షితులు. చీటీ ఎలా రాయాలో చెబుతూ ఆయన మూడువందల తాటాకుల నియమావళి రాశాడు. దాన్ని ఆయన తప్ప ఇంకెవరూ చదవలేదు, అదీ ఆయనకి గర్వంగానే ఉండేది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడనే సామెత ఈయన్ని చూసే పుట్టి ఉండాలి.

"చీటీ రాయడం రాని మావటిని మార్చండి ప్రభూ," అన్నాడు దీక్షితులు.

"మార్చాల్సింది మావటిని కాదు, మీ జవాబుని," అన్నాడు ఆస్థాన విదూషకుడు తిప్పన్న.

"సాయంత్రంలోగా రుజువు చెయ్యి. లేకపోతే ఎలమందతోపాటు నువ్వూ కోట దాటాలి," అన్నాడు రాజు.

"అయితే మధ్యాహ్నం భోజనాల్లో వడ్డన నాకిప్పించండి ప్రభూ."

దీక్షితులకి నెయ్యి లేనిదే ముద్ద దిగదు. మధ్యాహ్నం రాజుగారి పంక్తిలో కూర్చుని, పప్పన్నం కలిపి చెయ్యి చాచాడు.

"నెయ్యి!"

"తప్పు," అన్నాడు తిప్పన్న, నేతిగిన్నె పట్టుకుని.

"కాస్త నెయ్యి వెయ్యవయ్యా!"

"తప్పు."

"రెండు గరిటెల నెయ్యి!"

"తప్పు."

పప్పన్నం చల్లారిపోతోంది. విస్తరి ముందు నుంచి లేస్తే మళ్ళీ కూర్చోకూడదు కనుక, దీక్షితులు కూర్చునే గావుకేక పెట్టాడు.

"ఏది తప్పో చెప్పి ఏడవచ్చుగా!"

తిప్పన్న రాజు వైపు తిరిగాడు.

"మూడు రోజులుగా ఎలమంద అడుగుతున్నదీ ఈ ముక్కే ప్రభూ!"

పంక్తి పంక్తంతా ఘొల్లుమంది. దీక్షితులు తల వంచుకున్నాడు.

"ఎంత నెయ్యో చెప్పారు, దేనిమీదో చెప్పలేదు. 'పప్పన్నం మీద రెండు గరిటెల నెయ్యి' అనండి చాలు," అన్నాడు తిప్పన్న.

ఆయన అలాగే అన్నాడు, నెయ్యి పడింది. చెయ్యి కడుక్కోగానే ఎలమంద చీటీ తెప్పించి, దాని వెనక స్వయంగా రాశాడు: "మేత ఎంతో రాశావు, ఏ ఏనుగుకో రాయలేదు. ఇలా రాయి: భద్రగిరికి ఇరవై మోపుల చెరకు." పొద్దు వాలేలోగా భద్రగిరి చెరకు నములుతోంది. ఎలమంద ఆనందంతో ఏడ్చేశాడు.

"నీకేం కావాలి తిప్పన్నా?" అడిగాడు రాజు.

"బహుమానం ప్రభూ!"

"తప్పు."

తిప్పన్న ముఖం వాడిపోయింది. రాజు మీసం చాటున నవ్వాడు.

"ఎంతో చెప్పలేదు. గుప్పెడు ముత్యాలా, పళ్ళెం నిండానా?"

"పళ్ళెమే ప్రభూ! ఇంత వివరంగా చెప్పాక కూడా తప్పు చెబుతానా!"

అందరికంటే గట్టిగా నవ్వింది దీక్షితులే.