తాబేలు చూసొచ్చిన దారి

నల్లరాళ్ల గుట్ట కుందేళ్లది. మూడేళ్ల క్రితం తోడేళ్లు వచ్చి, "పులి భయం ఉందట, నాలుగు రోజులు కాపలా కాసి పోతాం" అన్నాయి. పులి రాలేదు, తోడేళ్లూ పోలేదు. గుట్ట కింద గరిక బీడు చుట్టూ ముళ్లకంప వేసి, ఒక్క సందు వదిలి, ఆ సందులో తమ దుబాసీ నక్కను కూర్చోబెట్టాయి. ఆనాటి నుంచి మేతకు దిగిన కుందేళ్లలో కొన్ని తిరిగి రావడం లేదు.

చెరువు తాబేలు అచ్చమ్మ ఆ గుట్టకు వచ్చి ఆర్నెల్లయింది. డిప్పకు చెమ్మ పట్టింది, కొన్నాళ్లు పొడినేల మీద ఉండమని కొంగ వైద్యుడు చెప్పాడు. ముసలి కుందేలు పోలమ్మ తన బొరియ పక్కనే చోటిచ్చింది. అచ్చమ్మ మంచిదే. కాకపోతే చాలామంది మంచివాళ్లకుండే జబ్బు ఆవిడకూ ఉంది. ఎదుటివాళ్లు కష్టంలో ఉంటే సలహా చెప్పకుండా ఉండలేదు.

కుందేళ్లకు ఒక ఆచారం ఉంది. పెద్దవాళ్లెవరైనా బొరియ బయట చెవులు నిక్కించి, చాలాసేపు విని, కాలితో రాతి మీద ఒక దెబ్బ కొడితేనే మిగతావాళ్లు మేతకు కదులుతారు. పోలమ్మ మూడు రోజులుగా వింటోంది, కొట్టడం లేదు. లోపల ఆమె కూతురు గురివి, ముగ్గురు పిల్లల్ని కన్న పచ్చి బాలింత, ఎండుపుల్లలు నములుతోంది. పాలు పడటం లేదు.

"ఏం వినిపిస్తోంది వదినా?" అంది అచ్చమ్మ.

"ఏమీ లేదు. అదే నా భయం. బీడులో పిట్ట కూడా కూయడం లేదు."

"తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవంటారు. మీరు చప్పుడు లేకపోయినా బెదురుతున్నారే."

"తాటాకులైతే బెదరం వదినా."

"నేను రోజూ ఆ సందులోంచే పోయొస్తున్నాను. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. మీరు పరుగెడతారు, అందుకే వాళ్లు తరుముతారు. నెమ్మదిగా, మర్యాదగా నడిస్తే ఎవరేం చేస్తారు?"

లోపల్నుంచి గురివి పలికింది. "అత్తా, పోనీ నువ్వొకసారి చూసి రారాదూ? పిల్లలు ఏడవడం కూడా మానేశారు."

అచ్చమ్మ బయల్దేరింది. సందు దగ్గర నక్క లేచి నిలబడింది.

"రండమ్మా, రండి. పొద్దున్నే ఎటో?"

"బీడు చూసిపోదామని. మా గురివి బాలింత, మేతకు రావడానికి భయపడుతోంది."

"అయ్యో, బాలింతకు భయమెందుకు? నిదానంగా తిరిగి చూడండి. మీరు చూసిందే వాళ్లకు చెప్పండి."

ఆవిడ అటు తిరగ్గానే నక్క తోక ఊపింది. తోడేళ్లు లేచి ఆవిడ కంటపడకుండా బీడు పక్క వాగు గట్టు వెనక పడుకున్నాయి. అచ్చమ్మ బీడంతా తిరిగింది. ఎక్కడా ఎవరూ లేరు. గరిక మోకాలెత్తు పెరిగింది.

"మొత్తం చూశాను వదినా. పిట్టపురుగు లేదు," అంది తిరిగొచ్చి.

"ఆ పిట్ట లేకపోవడమే కదమ్మా నేనంటున్నది," అంటూ పోలమ్మ ఎత్తిన కాలు దించేసింది.

"నా కళ్లతో చూశానంటే నమ్మవేం? పిల్లలు చచ్చిపోతారు." అచ్చమ్మ ఊరుకోలేక తన కాలితోనే రాతి మీద ఒక దెబ్బ కొట్టింది.

దెబ్బ విని గురివి బయటికొచ్చింది. పోలమ్మ వద్దనేలోపే గుట్ట దిగింది. సందు దాటడం కనిపించింది. తిరిగి రావడం ఎవరికీ కనిపించలేదు.

సాయంత్రానికి అచ్చమ్మ రొప్పుతూ సందు దగ్గరికి చేరింది. "అబద్ధాలకోరా, నాకు దారిచ్చి ఆ పిల్లను చంపారా?"

"నేనేం అబద్ధమాడానమ్మా? చూసిందే చెప్పమన్నాను, మీరు చెప్పారు."

"మరి నన్నెందుకు వదిలారు? నేనూ ఆ దారినే నడిచాను కదా."

"మా దొరలు నీళ్లు తాగేది మీ చెరువులో. అక్కడ మీ మొసలి తాత ఉన్నాడు. మీ ఒంటిమీద గీత పడితే మాకు రేవు ఉండదు. అంతేగానీ, మీ మర్యాద చూసి అనుకున్నారా?"

అచ్చమ్మ గుట్టెక్కేసరికి పోలమ్మ ఎండుపుల్ల నమిలి ఆ గుజ్జు పిల్లల నోళ్లలో పెడుతోంది.

"పిల్లల్ని నా డిప్ప కిందికి తొయ్యి వదినా. నేను కాచుకుంటాను." అచ్చమ్మ ఏడుస్తూ ఒళ్లు పైకి లేపింది. ఒక్క పిల్ల తల కూడా పట్టలేదు.

"వద్దులే వదినా. అది ఒక్కరి కొలతకు కట్టిన ఇల్లు," అంది పోలమ్మ. ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది అచ్చమ్మకు.

మర్నాడు పొద్దున పోలమ్మ మళ్లీ బొరియ బయట చెవులు నిక్కించి కూర్చుంది. అచ్చమ్మ వచ్చి పక్కన చేరింది. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. కాలు పొరపాటున కూడా రాతికి తగలకుండా ముడుచుకుంది.

మనకు గుచ్చుకోలేదని దారిలో ముల్లు లేదని చెప్పకూడదు.