కోటమ్మ ముక్క

సైదులు పేటెంటు ఆఫీసు కాగితం తెచ్చి, దర్గా చూసుకునే కరీముల్లా సాయిబు ముందు పెట్టి, తల వంచుకుని కూర్చున్నాడు.

"కొట్టేశారు బాబా. ఇందులో కొత్తేమీ లేదంట. వైరింగు పని తెలిసిన ఎవడికైనా తట్టేదేనంట."

ఎత్తు మేడల్లో నిలువు పైపులోంచి దింపిన కరెంటు తీగలు తమ బరువుకి తామే కిందికి జారతాయి. జారీ జారీ పైన బిగించిన చోట ఊడొస్తాయి. వైరింగు పని చేసే సైదులు ఆ బాధ ఇంట్లో చెప్పుకుంటే, అతని భార్య కోటమ్మ పాత సైకిల్ ట్యూబు కోసి, బిందె కింద కుదురు చుట్టుకున్నట్టే చుట్టి చేతిలో పెట్టింది.

"పైపులో దోపి చూడు మావా."

తీగ మళ్లీ కదల్లేదు.

ఆ ఏడే కోటమ్మ పోయింది. ఆ ముక్కకి పేటెంటు తెచ్చి, ఆమె పేరు అచ్చులో చూసుకోవాలని సైదులు నాలుగేళ్లు పని మానుకుని తిరిగాడు. ఓ కంపెనీ వాళ్లు అడ్డం పడ్డారు.

"అంత తేలికైతే అంతకుముందు ఒక్కడికీ తట్టలేదేం బాబా? ఆమె పేరు ఎక్కడో ఒకచోట ఉండాలనుకున్నా. అంతే."

సాయిబు లేచాడు. అతని చెయ్యి పట్టుకుని, దర్గా వెనక కొత్తగా కడుతున్న మినారు దగ్గరికి తీసుకెళ్లాడు.

"కూర్చో. మాట్లాడకు."

పరంజా మీద ఒకడు, కింద ఒకడు తీగలు లాగుతున్నారు. సైదులు ఎరగని మనుషులు.

"కోటమ్మని పెట్టావంట్రా?" కిందవాడు అరిచాడు.

"పెట్టాన్లే! కోటమ్మ పట్టిందంటే వదుల్తదా?"

సైదులు ఉలిక్కిపడ్డాడు.

"కోటమ్మెవరయ్యా?" అన్నాడు సాయిబు.

"మనిషి కాదు సాయిబూ, ఈ రబ్బరు చుట్ట. మా మేస్త్రీ అట్టా అనేవాడు, మేమూ అంటన్నాం. ఏ ఊళ్లో పనికెళ్లినా ఇదే పేరు."

ఎప్పుడో పనిలో ఇద్దరికి ఆ ముక్క చూపించి, ఇది మా కోటమ్మది అని నవ్విన మాట సైదులుకి గుర్తొచ్చింది.

"ఇంకో కోటమ్మని అందించండయ్యా!"

కిందవాడి చేతుల నిండా తీగలే. సైదులు లేచాడు. పక్కనున్న పనివాళ్ల సంచిలోంచి రబ్బరు చుట్ట ఒకటి తీసి, చొక్కాకేసి దుమ్ము తుడిచాడు. నిచ్చెన నాలుగు మెట్లెక్కి చెయ్యి చాపాడు.

పైవాడు వంగి అందుకున్నాడు. లాగాడు. సైదులు చేతిలోంచి రాలేదు.

"వదులు పెద్దాయనా," అన్నాడు మెల్లగా. "నేను పట్టుకున్నాగా."