సగం గీసిన గడ్డం

చేతిలో కత్తి ఉన్నంత మాత్రాన మనిషి హంతకుడైపోతాడా, మీరే చెప్పండి?

తిరుగుబాటుదారులు కోటలోని ధాన్యపు కొట్టు తగలబెట్టాక కొత్వాలు కొత్త చట్టం చాటింపు వేయించాడు. కత్తితో కనిపించినవాడికి విచారణ లేకుండా ఖైదే. క్షవరాలు చేసే పోలన్న తమ్ముడు పెళ్లికొడుక్కి గడ్డం గీయడానికి వెళ్తూ దారిలోనే కత్తితో పట్టుబడ్డాడు. నెల దాటినా అతణ్ణి పలకరించినవాడు లేడు.

ఒకనాడు పోలన్న ఎప్పటిలాగే కొత్వాలుకు క్షవరం చేస్తూ, ఒక చెంప గీసి ఆగిపోయాడు.

"ఏరా పోలా, ఆగావే? దర్బారుకు వేళవుతోంది."

"నా చేతిలో కత్తుంది దొరా, దాని కింద మీ పీక ఉంది. నన్నూ ఖైదు చేయించండి."

"వాగకు. ఇరవై ఏళ్లుగా నువ్వేంటో నాకు తెలీదా? కావాలంటే మా ఇంట్లో ఎవర్నైనా అడుగు."

"అడిగితే తెలుస్తుందన్నమాట." పోలన్న కత్తి తుడిచి పొదిలో పెట్టేశాడు. "మా తమ్ముడి గురించీ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు దొరా. కొట్టు తగలబెట్టిందెవరో కూడా చెప్తారేమో. అడిగినవాళ్లేరీ?"

సగం గడ్డంతో దర్బారుకెలా వెళ్తాడు? కొత్వాలు అప్పటికప్పుడు వీధివాళ్లను పిలిపించి విచారించాడు. తమ్ముడు నిర్దోషని తేలి ఖైదు నుంచి బయటపడ్డాడు. కొత్వాలుకు రెండో చెంప గీసింది ఆ తమ్ముడే.

రేపు మీ వీధిలో ఎవర్నైనా పట్టుకెళ్తే తలుపులేసుకోకండి. వెంట వెళ్లి, విచారించారా అని గట్టిగా అడగండి.