పంచెల చాపు

పెంటయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. కర్రను తిప్పి చెక్కే లేతు మీంచి ఏ గిలక్కాయ దిగినా దాన్ని ముందు తన నోట్లో పెట్టుకుని కాసేపు చీకి, ఆ తరువాతే గంపలో వేసేవారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నోట్లో ఒక్క పన్ను లేదు, చావట్లో కూర్చుని గిలక్కాయ చీకుతుంటే చూసినవాళ్ళకు నవ్వు రాక ఏమవుతుంది! ఏమిటండీ ఈ పని అని ఎవరైనా అడిగితే, "ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నాను" అనేవారు. లక్క బొమ్మల పనిలో ఆయన దగ్గర చెయ్యి తిరిగినవాళ్ళు ఇరవై మంది దాకా ఉంటారు. ఆ ఇరవై మందికీ ఆయన నోటితో చెప్పి నేర్పింది తక్కువే.

ఆ పేరు సంగతి కూడా చెప్పాలి. ఆయనకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదట. అందుకని ఈయన పుట్టగానే తల్లి చేటలో పాతగుడ్డ పరిచి, అందులో పడుకోబెట్టి, ఊరి పెంటకుప్ప మీద ఒక్క క్షణం ఉంచి ఎత్తుకొచ్చి, పెంటయ్య అని పిలుచుకుంది. అలా చేస్తే మృత్యువు పనికిరానిదనుకుని వదిలేస్తుందని నమ్మకం. నమ్మకం మాటెలా ఉన్నా ఆయన మాత్రం గట్టిపిండమై నిలిచారు. పుట్టగానే పెంట మీద పవ్వళించిన ఆ మనిషిని పట్టుకుని, పసిబిడ్డకు ఏ పరుపు మంచిదని అడిగినవాడు గౌరీసు.

గౌరీసు నాలుగేళ్ళు గురువుగారి దగ్గర అంకుడు కర్ర తిప్పి, లక్క పూసి, మంచి పనివాడనిపించుకున్నాడు. ఆపైన, బొమ్మలతో ఎన్నాళ్ళు బతుకుతామని అనకాపల్లి వెళ్ళిపోయి, ఇంటి గోడకు ఆనించి రేకుల షెడ్డు వేసి, మంచాలకూ బీరువాలకూ పాలిషు కొట్టే పని పెట్టాడు. వాడు స్ప్రే గన్ను పట్టాడంటే ముసలి బల్లలకు కూడా వయసు తిరిగొచ్చేది. అంత పేరొచ్చినా గురువును మరిచినవాడు కాదు. మా వైపు పనివాళ్ళు అమావాస్యనాడు పనిముట్టు ముట్టరు. ఆ సెలవు పూట ఠంచనుగా బస్సెక్కి వచ్చి, గురువుగారి ఎదుట కాసేపు కూర్చుని వెళ్ళేవాడు.

ఒక అమావాస్యనాడు పెద్ద సంచితో దిగాడు. అందులోంచి మూడు రకాల పరుపు ముక్కలు, రకరకాల రంగులు వేసిన చెక్క ముక్కలు తీసి చాప మీద వరసగా పేర్చాడు.

"నూకరత్నానికి అయిదో నెల గురువుగారూ," అన్నాడు. నూకరత్నం వాడి భార్య. పెళ్ళయి ఆరేళ్ళు. అంతకుముందు రెండుసార్లు నెల తప్పి, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. ఈసారి నిలిచింది. నిలిచిందన్న సంతోషం కంటే నిలుస్తుందో లేదోనన్న బెంగే మొగుడూ పెళ్ళాలిద్దర్నీ తినేస్తోంది.

"బిడ్డకి గది సిద్ధం చేస్తున్నాను. కొత్త పరుపుల్లో ఏవేవో మందులుంటాయంటున్నారు. కొత్త రంగులు నెలల తరబడి ఆవిర్లు వదులుతాయంటున్నారు. అమ్మేవాడు ప్రతివాడూ మాదే స్వచ్ఛమని చీటీ అంటిస్తున్నాడు. ఆ చీటీలన్నీ చదివాను గురువుగారూ, ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు. విషమన్నది లేని పక్క ఏదో, ఉయ్యాల ఏదో మీరే చెప్పండి. నాకు భయంగా ఉంది."

గురువుగారు అన్నీ విన్నారు. చెక్క ముక్కల్లో బాగా మెరుస్తున్నదొకటి తీసి, అలవాటు ప్రకారం నోటి దగ్గరికి తీసుకెళ్ళారు.

గౌరీసు గభాలున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యయ్యో, నోట్లో పెట్టకండి! అది నేను కొట్టిన పాలిషే. ఒంటికి మంచిది కాదు."

గురువుగారు ఆ ముక్కను మెల్లిగా కింద పెట్టి, లేచి లోపలికి వెళ్ళి, ఒక కొత్త పంచెల చాపు పట్టుకొచ్చి శిష్యుడి ఒళ్ళో పెట్టారు. "బిడ్డకి పక్క ఇదిగో," అన్నారు.

గౌరీసు తడిమి చూశాడు. నేతపంచెలు. మగ్గం మీంచి దిగి పట్టుమని పది రోజులు అయ్యుండవు, గంజితో అట్టకట్టుకుపోయి ఉన్నాయి. "ఇవి నా ఒంటికే గీసుకుంటాయి గురువుగారూ. పసికందుకెలా వేస్తాం?"

"అందుకే నీకిచ్చాను. మధ్యకి చింపుకుని మార్చి మార్చి రోజూ కట్టుకో. మెత్తబడ్డాక పట్టుకురా."

ఓస్, ఇంతేనా అనుకున్నాడు గౌరీసు. మా ఇళ్ళల్లో పురిటిబిడ్డ కింద కొత్తగుడ్డ వెయ్యరు. ఇరవై ఒకటో రోజు దాకా కట్టి కట్టి, ఉతికి ఉతికి వెన్నలా అయిన పాత పంచెలూ చీరలే పరుస్తారు. ఇది తెలియనిదెవరికి? దీనికోసం బస్సు ఛార్జీ పెట్టుకుని రావాలా అని కూడా లోపల కాస్త కష్టపెట్టుకున్నాడు. కానీ గురువు మాట గురువు మాటే. మర్నాటి నుంచి ప్యాంటు మానేసి పంచె కట్టాడు. షెడ్డులో కుర్రాళ్ళు ఊరుకుంటారా? "ఏటి మేస్త్రీ, మళ్ళీ పెళ్ళికేటి పయనం?" అని ఆటపట్టించారు. వాళ్ళు నవ్వితే నవ్వారు, నెలకల్లా పంచె దారికొచ్చింది. మల్లెపూల వాసనొచ్చే ద్రవమేదో సీసాతో కొని, నీళ్ళలో కలిపి ముంచి, ఇస్త్రీ చేయించి, అమావాస్యకు పట్టుకెళ్ళాడు.

గురువుగారు పంచెను నాలుగు మడతలు వేసి, మొహం మీద కప్పుకుని చాప మీద వెనక్కి వాలారు. గౌరీసు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పది లెక్కపెట్టేలోగా ఆయన దిగ్గున లేచి వరసగా మూడు తుమ్ములు తుమ్మారు.

"మల్లెపూలు బాగున్నాయి. వాటి కింద ఉన్నది బాగాలేదు. తీసుకెళ్ళు," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

గౌరీసు ఎంత పీల్చినా మల్లెపూలే తగిలాయి. పాలిషు పనివాడికి అన్నిటికంటే ముందు చచ్చేది ముక్కు. అది చచ్చిందన్న సంగతి అందరికీ తెలుస్తుంది, వాడికొక్కడికే తెలియదు.

ఈసారి తెలివిగా ఉందామనుకున్నాడు. ఆ సీసా పారేశాడు. కుంకుడుకాయ పులుసుతో ఉతికి, ఎండలో ఆరేశాడు. షెడ్డుకు మళ్ళీ ప్యాంటు వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇంటికి రాగానే మాత్రం పంచె కట్టుకునేవాడు. రంగులో కలిపే తిన్నరు చుక్క పడదు, స్ప్రే తుంపర తగలదు, ఇంకెక్కడి నుంచొస్తుంది వాసన? వాడి లెక్క వాడిది. నెల తిరిగాక పంచె నిజంగానే పట్టులా జారుతోంది.

గురువుగారు మళ్ళీ మొహం మీద కప్పుకున్నారు. ఈసారి కొంచెం ఎక్కువసేపే ఓర్చుకున్నారు పాపం. తరువాత దగ్గుతూ లేచి కూర్చున్నారు.

"షెడ్డుకి కట్టుకెళ్ళలేదు కదూ?"

"లేదండీ. ఒక్కపూట కూడా వెళ్ళలేదు."

"పంచె వెళ్ళలేదు. నువ్వు వెళ్ళావు," అని దాన్ని మడిచి చేతికిచ్చేశారు.

బస్సులో దారిపొడుగునా ఆ మాటే వాణ్ణి పొడుస్తూ వచ్చింది. ఇంటికి చేరేసరికి నూకరత్నం వీధి అరుగు మీద కూర్చుని, బిడ్డ తలకింద దిండు కోసం ఆవాలు చెరుగుతోంది. ఏడో నెల కడుపు చేటకు అడ్డమొస్తుంటే పక్కకు ఒరిగి చెరుగుతోంది. గౌరీసు చెప్పులైనా విప్పకుండా పంచె ఆమె ముందు పెట్టాడు.

"రత్నం, నామీద ఒట్టేసి చెప్పు. దీనికేమైనా వాసనొస్తోందా?"

ఆమె పంచె వైపు చూడనైనా లేదు. "దానికి కాదు, మీకొస్తుంది," అంది. ఏదో ఎప్పటి నుంచో తెలిసిన విషయం చెప్పినట్టే చెప్పింది. "మీరు సందు మలుపు తిరగ్గానే నాకు తెలిసిపోతుంది, వస్తున్నారని."

గౌరీసు అరుగు మీద కూలబడ్డాడు. "నెల తప్పిన దగ్గర్నుంచీ నువ్వు గోడవైపు తిరిగి పడుకుంటున్నావు. నామీద కోపమనుకున్నాను."

"కోపమేటండీ! మీ వైపు తిరిగితే కడుపులో తిప్పుతుంది."

"మరి ఒక్కనాడైనా చెప్పొచ్చు కదే?"

"ఏమని చెప్పను? మనకి అన్నం పెడుతున్న వాసన అది."

ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి, ఆరేళ్ళుగా ఊపిరి బిగబట్టి తనకు ఎదురొస్తోందన్నమాట. గౌరీసుకు ఏడుపు ఆగలేదు. బిడ్డకని సిద్ధం చేస్తున్న గదికీ షెడ్డుకూ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఆ గోడ వైపు చూస్తూ, "అయితే ముందు పోయిన ఇద్దరూ కూడా..." అనబోయాడు. ఆమె చప్పున వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆవాలు నాలుగు వాడి మీసాలకంటుకున్నాయి.

"డాక్టరమ్మ అలా అనలేదు. మీరూ అనకండి," అంది. అని, ఏడుస్తున్న మనిషి తల తన భుజానికి ఆనించుకుంది. వాసన సంగతి అప్పుడామెకు గుర్తే లేదు.

వారం తిరక్కుండా స్ప్రే గన్ను గోనెలో కట్టి అటకెక్కింది. డబ్బాలన్నీ పోయాయి. చేతిలో ఉన్న రెండు పెద్ద పనులు వేరేవాళ్ళను చూసుకోమన్నాడు. మతిపోయిందన్నారు కొందరు. అననీ. షెడ్డు ఒక పక్క రేకులు విప్పి గాలి ఆడనిచ్చి, అక్కడ లేతు పెట్టాడు. పంచె ఎగ్గట్టి కూర్చుని, ఎన్నో ఏళ్ళ తరువాత మళ్ళీ అంకుడు కర్ర తిప్పాడు. ఉయ్యాల కోళ్ళకు లక్కలో పసుపు కలిపి పట్టించి, మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెచ్చాడు. నూకరత్నం బూరుగు దూది ఏరి పల్చటి పరుపు కుట్టింది. ఆ సాయంత్రాలు ఆమె కూడా పీట తెచ్చుకుని, లేతు పక్కనే కూర్చునేది. వాడికి ఆ ఒక్కటే చాలనిపించేది.

తరువాతి అమావాస్యకు పంచె పట్టుకెళ్ళేటప్పుడు వాడికి ధైర్యం లేదు. "పసుపు మరకలు పడ్డాయి గురువుగారూ, ఎంత ఉతికినా పోలేదు," అని ముందే ఒప్పేసుకున్నాడు. గురువుగారు పంచె మొహం మీద కప్పుకుని వాలారు. పది అయింది. వంద అయింది. లేవలేదు. గౌరీసు కంగారుపడి దగ్గరికి జరిగి చూస్తే, సన్నగా గురక వినిపించింది. బోసినోరు తెరుచుకుని, ఆ పెద్దాయన హాయిగా నిద్రపోతున్నారు. లేపడానికి మనసొప్పక గౌరీసు విసనకర్ర తీసుకుని విసురుతూ కూర్చున్నాడు. సాయంత్రం బస్సు వెళ్ళిపోయినా వాడికి చింత కలగలేదు.

నూకరత్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేసే వేడుకకు గురువుగారు గిలక్కాయ పట్టుకుని వచ్చారు. వస్తూనే ఉయ్యాల కోడు గుబ్బకు నోరు ఆనించి రుచి చూశారు. పేరంటాళ్ళంతా పకపకా నవ్వారు. పరుపు మీద ఒక పంచె పరిచి, పాపను పడుకోబెట్టి, ముత్తయిదువులు పాట ఎత్తుకున్నారు. పాప ఊరుకుంటేనా? ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఊపినా ఊరుకోలేదు, జోకొట్టినా ఊరుకోలేదు. ఆఖరికి గౌరీసు వంగి, బిడ్డను ఎత్తి, రెండో పంచె వేసుకున్న తన భుజం మీద వేసుకున్నాడు. అది రెండు వెక్కులు వెక్కి, మొహం అటూ ఇటూ రాసి, పసుపు మరకలున్న పంచె అంచును నోటికి దొరకబుచ్చుకుని కాసేపు చీకింది. చీకుతూ చీకుతూనే నిద్రలోకి జారింది.

నూకరత్నం వచ్చి భర్త పక్కనే, భుజానికి భుజం ఆనించి నిలబడింది. అంత ఆనందంలోనూ గౌరీసుకు పాత బెంగ పోలేదు. మెల్లిగా గురువుగారి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"గురువుగారూ, నేను మొదట అడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు. బూరుగు దూది పరుపే ఉంచమంటారా, ఇంతకంటే మంచిది ఇంకేదైనా చూడమంటారా?"

గురువుగారు నోట్లోంచి గిలక్కాయ తీసి, వాడి భుజం వైపు చూశారు.

"ఇప్పుడది దేని మీద పడుకుందిరా?" అన్నారు.